మన బడి, మన మాట, మన పంతులు

(సంఘం సభలో యువతను ఉద్దేశించి చేసిన ప్రసంగ పాఠం)

 



సంఘం పెద్దలు మాకు ఇచ్చిన అంశం పరాయి పాలనలో చదువులు. మేము హాస్టల్ నడిపేవాళ్లం. పిల్లల అన్నం, దుప్పట్లు, జ్వరాలు, హాజరు పట్టీలు మా పని. ఈ చరిత్ర మనకెందుకు అని మీలో కొందరికి అనిపించవచ్చు. హాస్టల్‌కి కొత్తగా వచ్చిన పిల్ల మొదటి కొన్ని నెలలు తరగతిలో నోరు విప్పదు. సాయంత్రం వంటగది దగ్గర మాత్రం గలగలా మాట్లాడుతుంది. పొద్దున మూగదైన పిల్ల సాయంత్రానికి మాటకారి ఎలా అయింది? పొద్దున వినిపించిన భాష వేరు, సాయంత్రం వినిపించిన భాష వేరు, అంతే. ఈ తేడా నిన్న మొన్న పుట్టింది కాదు. బడి ఏ భాషలో ఉండాలి, పంతులు ఎవరై ఉండాలి అని మనల్ని అడగకుండా ఇతరులు నిర్ణయించి 140 ఏళ్లు దాటింది. ఆ నిర్ణయాలు ఏమిటో ఈ రోజు తెలుసుకుందాం.

బడికి ముందు మనకు చదువు లేదా?

ఉంది. మన పర్ధాన్ కిక్రీ పట్టుకుని పెర్సా పేన్ ముందు కూర్చుంటే రాత్రంతా వంశాల కథ చెబుతాడు. నాలుగు దేవతల వారెవరు, ఐదు, ఆరు, ఏడు దేవతల వారెవరు, ఎవరికి ఎవరితో పెళ్లి కుదురుతుంది, ఎవరు అన్నదమ్ములు, ఇవన్నీ ఆ కథలోనే ఉన్నాయి. తోటీలు కూడా అలాగే కథను మోసుకొచ్చారు. దండారీలో తిరిగే కుర్రవాడు ఆట, డప్పు, మర్యాద, మొక్కు అన్నీ నేర్చుకునే తిరిగి వస్తాడు. కాయితం లేదు, పరీక్ష లేదు, కానీ నేర్పేవాడు, నేర్చుకునేవాడు, ఒక క్రమం ఉన్నాయి. అందుకని బడి వచ్చాకే మనకు బుద్ధి వచ్చిందని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. బడి మనకు తెచ్చింది రాత. రాత ఎందుకు అవసరమైందో కాసేపట్లో చెబుతాం.

తెల్లవాళ్ల కాయితాల్లో మనం

1835 ఫిబ్రవరిలో మెకాలే ఒక పత్రం రాశాడు. ప్రభుత్వం పెట్టే డబ్బు ఇంగ్లీషు చదువుకే పోవాలని, అందరికీ చదువు చెప్పడం సాధ్యం కాదు గనుక పాలకులకూ ప్రజలకూ మధ్య నిలిచే ఒక వర్గాన్ని తయారు చేయాలని అందులోని సారాంశం. పైవారికి చెబితే కిందికి దానంతట అదే ఇంకుతుందని అనుకున్నారు. వాన నీరు ఇంకడానికి కూడా నేల మెత్తగా ఉండాలి కదా. పట్నంలోనే ఇంకని చదువు గుట్ట మీదికి ఏం ఎక్కుతుంది?

1854లో చార్లెస్ వుడ్ పంపిన ఉత్తర్వు కొంత మార్పు తెచ్చింది. ప్రతి రాష్ట్రంలో విద్యాశాఖ పెట్టమంది, ప్రజల భాషల్లో కింది తరగతులు నడపమంది, ఇతరులు పెట్టే బడులకు ప్రభుత్వం గ్రాంటు ఇవ్వమంది. మద్రాసు, బొంబాయి, కలకత్తా విశ్వవిద్యాలయాలు 1857లో వచ్చాయి. ఇందులో ప్రజల భాషలు అంటే తెలుగు, తమిళం, బెంగాలీ, మరాఠీ వంటివి. గోండీ, కోయ, సవర, కువి, కొలామీ ఆ లెక్కలోకి రాలేదు.

మన పేరు ఎత్తింది 1882 నాటి హంటర్ కమిషన్. డబ్ల్యూ. డబ్ల్యూ. హంటర్ అధ్యక్షుడు. ఆ నివేదికలో ఆదిమ తెగల చదువు గురించి విడిగా కొన్ని సిఫార్సులు ఉన్నాయి. వాటిని మీరందరూ తెలుసుకోవాలి.

ఒకటి, అవసరమైన చోట మన పిల్లల దగ్గర ఫీజు తీసుకోవద్దు. రెండు, మామూలు బడుల్లో మన పిల్లలకు చెప్పిన పంతులుకు అదనపు భత్యం ఇవ్వాలి. ఆ రోజుల్లో పరీక్షలో ఎంతమంది గట్టెక్కితే అంత గ్రాంటు అన్న పద్ధతి ఉండేది. వచ్చీరాని భాషలో పరీక్ష రాసే పిల్లలున్న బడికి గ్రాంటు ఎక్కడ వస్తుంది? అందుకే ఆ మాట రాశారు. మూడు, మన తెగల్లో చాలినంత చదువుకున్నవారు దొరికితే వారినే మన ఊళ్లలో పంతుళ్లుగా పెట్టాలి. నాలుగు, ఎవరైనా సంస్థలు ముందుకొస్తే, మత బోధనలో జోక్యం చేసుకోకుండా వారికి ధారాళంగా సాయం చేయాలి. మిషనరీ బడులకు దారి తెరిచిన మాట ఇది. ఐదు, తెగ భాషకు రాత లేకపోతే పొరుగు జనం భాషలోనే చదువు చెప్పాలి. ఆరు, తెగ భాషలోనే చదువు సాగుతున్న చోట అవసరాన్ని బట్టి పొరుగు భాషను అదనంగా నేర్పాలి.

తమ్ముళ్లారా, మూడో మాటనూ ఐదో మాటనూ పక్కపక్కన పెట్టి చూడండి. మూడోది మన చేతికి సుద్దముక్క ఇవ్వమంటోంది. ఐదోది మన నోటికి తాళం వేస్తోంది. మీ పంతులు మీవాడే కావచ్చు, కానీ మీ భాషకు రాత లేదు గనుక అతను పొరుగువాడి భాషలోనే చెప్పాలి. రాత లేదన్న ఒక్క సాకు ఆ తర్వాత ఎన్ని చోట్ల, ఎన్నిసార్లు వాడారో చెప్పలేం. ఇప్పటికీ వాడుతున్నారు.

ఇంకో సంగతి. గంజాం, విశాఖపట్నం ఏజెన్సీలను 1839 నుంచే మామూలు చట్టాలకు బయట పెట్టారు. 1874లో షెడ్యూల్డ్ జిల్లాల చట్టం వచ్చింది. 1919 సంస్కరణల తర్వాత విద్యాశాఖ ఎన్నికైన మంత్రుల చేతికి వచ్చినా, ఏజెన్సీలను వెనుకబడిన ప్రాంతాలని ప్రత్యేకంగా పక్కన ఉంచారు. 1935 చట్టంలో వాటినే మినహాయింపు ప్రాంతాలు అన్నారు. భూమి విషయంలో ఈ ప్రత్యేక ఏర్పాటు మనకు కొంత కంచెలా పనికొచ్చింది. 1917 నాటి ఏజెన్సీ భూబదలాయింపు చట్టం అలాంటిదే. చదువు విషయంలో మాత్రం నష్టం జరిగింది. మైదానంలో బడి లేకపోతే శాసనసభలో అడిగే మనిషి ఉన్నాడు. గుట్ట మీద బడి లేకపోతే అడిగే మనిషి లేడు.

పర్లాకిమిడి పంతులు

ప్రభుత్వం చేయని పనిని ఒక బడి పంతులు చేశాడు. గిడుగు వెంకట రామమూర్తి గారి పేరు మీరు తెలుగు వాచకంలో చదివి ఉంటారు. ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. వ్యావహారిక భాష కోసం పోరాడారని రాసి మార్కులు తెచ్చుకుంటాం. దానికంటే ముందు ఆయన సవర భాష మనిషి అన్న సంగతి చాలామందికి తెలియదు.

పర్లాకిమిడి అప్పట్లో మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లాలో ఉండేది. రాజా వారి బడిలో ఆయన ఉపాధ్యాయుడు. చుట్టూ సవరల గుట్టలు. వాళ్లకు చదువు చెప్పాలంటే ముందు తనకు వాళ్ల భాష రావాలనుకున్నారు. సవర, తెలుగు రెండూ తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని ఏళ్ల తరబడి నేర్చుకున్నారు. గుట్టల్లో తిరిగి మన్యం జ్వరం తెచ్చుకున్నారు. ఆ జ్వరానికి వాడిన క్వినైన్‌తో వినికిడి పోయిందని చెబుతారు. ఒక భాష వినడానికి వెళ్లి చెవులనే పోగొట్టుకున్న మనిషి ఆయన. సవరలో పుస్తకాలు రాశారు. సొంత డబ్బుతో బడులు పెట్టి, పంతుళ్లకు జీతాలిచ్చి, సవర పిల్లలకు సవరలోనే చెప్పించారు. 1913లో ప్రభుత్వం రావు బహదూర్ బిరుదు ఇచ్చింది. ఆయన సవర వ్యాకరణం 1931లో, సవర-ఇంగ్లీషు నిఘంటువు 1938లో వచ్చాయి.

ఇక్కడ మనం గమనించాల్సింది ఒకటుంది. రాత లేదు గనుక పొరుగు భాషలో చెప్పండి అన్నది కమిషన్. రాత లేకపోతే రాసుకుందాం, దానికేం అన్నారు గిడుగు. తర్వాత 1936లో సవరల్లోంచే మంగై గొమాంగో అనే ఆయన సొరాంగ్ సొంపెంగ్ అనే సొంత లిపిని తయారు చేశారు. పనిని బయటివాడు మొదలుపెట్టవచ్చు, దాన్ని ఇంటివాళ్లు అందుకున్నప్పుడే అది నిలుస్తుంది.

జోడేఘాట్ తర్వాత మర్లవాయి

ఇప్పుడు మన ఆదిలాబాద్‌కు వద్దాం. మనది నిజాం రాజ్యం. పైన బ్రిటిష్ రెసిడెంటు, లోపల నిజాం. కచేరీ భాష ఉర్దూ. 1918లో పెట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయం కూడా ఉర్దూలోనే. తెలుగు పిల్లలే తమ భాషలో చదువుకోలేక ఇబ్బంది పడుతున్న కాలమది. మరి గోండు పిల్లవాడి సంగతి? ఇంట్లో గోండీ, సంతలో మరాఠీ లేదా తెలుగు, కచేరీలో ఉర్దూ.

రాత ఎందుకు అవసరమైందో ఇప్పుడు చెబుతాం. ఎవరి భూమి ఎవరి పేరున రాశారో మన తాతలకు తెలియదు. దున్నుకుంటున్న నేలకు పట్టా లేదు. అడవిని రిజర్వు చేసి గీత గీశారు. పశువుల మేతకు పన్ను, కట్టెకు పన్ను. కట్టిన పన్నుకు ఇచ్చిన రసీదులో ఎంత రాశారో చదివే దిక్కు లేదు. షావుకారు కాయితం మీద వేలిముద్ర వేయించుకుంటే అందులో ఉన్నది అప్పా, అమ్మకమా తెలియదు. మన నేల పోవడానికి తుపాకీ అక్కర్లేకపోయింది, చాలా చోట్ల కలం సరిపోయింది.

కుమ్రం భీం చాందా వైపు వెళ్లి అచ్చుకూటంలో పనిచేస్తూ చదవడం, రాయడం నేర్చుకున్నాడని మనవాళ్లు చెప్పుకుంటారు. జల్, జంగల్, జమీన్ అన్న మనిషికి అక్షరం విలువ తెలుసు. 1940లో జోడేఘాట్‌లో భీం నేలకొరిగాడు. ఆ తర్వాతే నిజాం సర్కారుకు మన గూడేల్లో ఏం జరుగుతోందో తెలుసుకోవాలని అనిపించింది.

అప్పుడు వచ్చినవాడు క్రిస్టోఫ్ వాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త. 1939లో యుద్ధం మొదలైనప్పుడు ఆయన దగ్గర జర్మన్ పాస్‌పోర్టు ఉంది. శత్రుదేశం మనిషిగా లెక్కగట్టి, హైదరాబాద్ సంస్థానంలో ఉండనిచ్చారు. ఆయన, భార్య బెట్టీ మర్లవాయిలో గుడిసె వేసుకుని మన మధ్య ఉన్నారు. మన బాధలకు మూలం పట్టా లేకపోవడం, అక్షరం లేకపోవడం అని ఆయన సర్కారుకు రాసి ఇచ్చాడు. లావుణి పట్టాలు ఇప్పించే పని ఒకవైపు, బడి పని ఇంకోవైపు నడిచాయి.

1943లో గోండు విద్యా పథకం మొదలైంది. మర్లవాయిలో ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం పెట్టారు. ఈ పథకంలో ముందుగా వెతికింది పిల్లల కోసం కాదు, పంతుళ్ల కోసం. ఎక్కడో కొద్దిగా మరాఠీ అక్షరాలు నేర్చుకున్న గోండు యువకులను వెతికి పట్టుకున్నారు. అంటే మీ వయసువాళ్లనే. డిగ్రీలు లేవు, సర్టిఫికెట్లు లేవు. వాళ్లకు శిక్షణ ఇచ్చి ఊళ్లకు పంపారు. వాచకాలు గోండీ భాషలో తయారు చేశారు. మరాఠీ అలవాటున్న ప్రాంతం గనుక దేవనాగరి లిపి వాడారు. పిల్లవాడు ముందు గోండీలో చదవడం నేర్చుకుని, తర్వాత కచేరీ భాష వైపు వెళ్లాలన్నది ఏర్పాటు. చదువుకున్నవారిలోంచి పంతుళ్లే కాకుండా పట్వారీ పనికి, అడవి శాఖలో చిన్న ఉద్యోగాలకు కూడా మనుషులు తయారయ్యారు. నిన్నటిదాకా రసీదు చూసి భయపడిన ఊరికి, రసీదు రాసే మనిషి తన ఇంట్లోంచే వచ్చాడు.

సర్కారు ఉద్దేశం మాత్రం మంచిదేనా అని మీరు అడగాలి. జోడేఘాట్ లాంటిది మళ్లీ జరగకూడదన్న భయం ఆ పథకం వెనక ఉంది. మన మీద ప్రేమతోనే అంతా చేశారని చెప్పుకోనక్కర్లేదు. భీం ప్రాణం పోయాకే బడి వచ్చింది. ఆ బడిలో మొదటి ఇటుక భీందే. అయినా వచ్చిన అవకాశాన్ని వాడుకుని, సుద్దముక్క పట్టుకుని నిలబడిన ఆ మొదటి గోండు పంతుళ్లు మనవాళ్లు. హైమండార్ఫ్, బెట్టీ సమాధులకు ప్రతి జనవరిలో మర్లవాయిలో పూలు పెడుతున్నాం, పెట్టాలి కూడా. ఆ పంతుళ్ల పేర్లను కూడా మన ఊళ్లలో అడిగి తెలుసుకుని రాసి పెట్టుకోవాలి.

లిపి లేదన్న వాళ్లకు గుంజాల జవాబు

మర్లవాయి వాచకాలను దేవనాగరిలో అచ్చు వేసిన రోజుల్లో, అక్కడికి ఎంతో దూరం లేని గుంజాలలో మన పెద్దల ఇళ్లలో పాత రాతప్రతులు ఉన్నాయి. గోండీ భాష, గోండీ లిపి. అవి 1750 ప్రాంతానివని పండితులు అంచనా వేశారు. ఆ రాతప్రతులు బయటి ప్రపంచానికి తెలిసింది 2006 తర్వాత. ఆచార్య జయధీర్ తిరుమలరావు గారి వంటివారు వాటి మీద పనిచేశారు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. అంటే హంటర్ కమిషన్ రాత లేని భాషల గురించి రాయడానికి 130 ఏళ్ల ముందే మన నార్నూరు వైపు రాత ఉంది. ఆ కమిషన్ నిజాం రాజ్యానికి వచ్చి చూడలేదు, అది వేరే సంగతి. కానీ రాత లేదు అని తేల్చేముందు ఇల్లిల్లూ అడిగి చూశారా అన్న ప్రశ్న ప్రతి రాజ్యానికీ వర్తిస్తుంది.

స్వరాజ్యం వచ్చాక ఏమైంది?

1948లో నిజాం పాలన పోయింది. 1956లో భాషను బట్టి రాష్ట్రాలు ఏర్పడ్డాయి. బడి భాష ఉర్దూ నుంచి తెలుగుకు మారింది. తెలుగువారికి అది న్యాయమే. మనకు మాత్రం పొరుగు భాష మారిందంతే. గోండీ వాచకాలు మూలనపడ్డాయి. ఆశ్రమ పాఠశాలలు వచ్చాయి, హాస్టళ్లు వచ్చాయి, వాటివల్ల వేలమంది చదువుకున్నారు. వాటిలో పనిచేసేవాళ్లం మేము, ఆ మేలును తక్కువ చేయం. కానీ మాతృభాషలో ప్రాథమిక విద్యకు వసతులు కల్పించాలని రాజ్యాంగం 350-ఏ అధికరణంలో 1956 నుంచే ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో 2004 ప్రాంతంలో గోండీ, కోయ, కొలామీ, సవర, కువి, కొండ, ఆదివాసీ ఒడియా, బంజారా భాషల్లో వాచకాలు తెచ్చారు. ఎనిమిది భాషలు. ఆ పుస్తకాలు చేతికొచ్చినప్పుడు పిల్లల ముఖాలు వెలిగాయి. కానీ ఆ భాష వచ్చిన పంతులు లేని చోట పుస్తకం పెట్టెలోనే ఉంటుంది.

ఒక్క ఉదాహరణ చాలు. బొమ్మలో నీళ్లు ఉన్నాయి. ఏమిటిది అని అడిగితే మన పిల్ల "ఏర్" అంటుంది. గోండీలో ఏర్ అంటే నీళ్లు. తెలుగు సారుకు ఏరు అంటే వాగు. కాదమ్మా, నీళ్లు అను అని దిద్దుతాడు. ఆయన తప్పు చేయలేదు, పిల్ల తప్పు చెప్పలేదు. కానీ ఆ పూట పిల్లకు అర్థమయ్యేది ఒక్కటే, తన ఇంటి మాట తప్పు అని. అదే సారుకు గోండీ వస్తే, మన ఏర్, తెలుగు ఏరు అక్కాచెల్లెళ్లు చూడమ్మా అని చెప్పి రెండు భాషలూ ఒకేసారి నేర్పుతాడు.

అందుకే మూడో సిఫార్సు ఈనాటికీ ముఖ్యం. 2000 జనవరిలో జీవో నంబర్ 3 వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో ఉపాధ్యాయ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అన్నది. 1882లో కాయితం మీద రాసింది, 1943లో మర్లవాయిలో చేసి చూపించింది, ఈ జీవోతో నియమమైంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని ఆ జీవోను కొట్టేసింది. కోర్టు తీర్పును గౌరవిస్తూనే మన సంఘాలు కొత్త చట్టం కోసం అడుగుతున్నాయి, అడగాలి. ఉద్యోగాల కోసం అని మాత్రమే అడిగితే అది మన కడుపు సంగతిగా వినిపిస్తుంది. తరగతిలో పిల్లకు అర్థం కావడం కోసం అని అడిగితే దానికి 140 ఏళ్ల సాక్ష్యం ఉంది. ఆ సాక్ష్యం మీ చేతికి ఇవ్వడానికే ఇంతసేపు మాట్లాడాం.

మీరు చేయగలిగిన పనులు

డీఎడ్, బీఎడ్ చదవండి. టెట్ రాయండి. పంతులు ఉద్యోగం చిన్నదని ఎవరైనా అంటే మర్లవాయి పంతుళ్లను గుర్తు చేయండి. ఏ కోటా ఉన్నా లేకపోయినా అర్హత ఉన్నవాళ్లు మనలో ఎక్కువమంది ఉండాలి. ఉద్యోగం దొరికితే మన ఊరి బడినే కోరుకోండి.

సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు పర్ధాన్ తాత చెప్పే కథను ఫోన్‌లో రికార్డు చేయండి. ముందు అడిగి, ఒప్పుకుంటేనే. పూజలో బయట చెప్పకూడనివి కొన్ని ఉంటాయి, వాటిని వదిలేయండి.

గుంజాల లిపి నేర్చుకోండి. ఇప్పుడు ఫోన్‌లోనే రాయవచ్చు. వాట్సాప్‌లో ఒక్క శుభాకాంక్ష ఆ లిపిలో పంపండి. 2011 జనగణనలో గోండీ మా భాష అని చెప్పినవారు 29 లక్షలకు పైనే. అంతకంటే తక్కువమంది మాట్లాడే బోడో భాష 2003లో ఎనిమిదో షెడ్యూల్‌లో చేరింది. గోండీ ఇంకా చేరలేదు. రేపు జనగణన వాళ్లు ఇంటికొస్తే మాతృభాష దగ్గర ఏం రాస్తున్నారో పక్కన నిలబడి చూడండి. సౌలభ్యం కోసం తెలుగు అనో మరాఠీ అనో రాయనివ్వకండి.

బడి కమిటీ సమావేశం ఉందంటే అమ్మానాన్నలను పంపండి, వీలైతే మీరూ వెళ్లండి. గోండీ వాచకం పెట్టెలో ఉందా, పిల్లల చేతిలో ఉందా అని అడగండి. అడిగే మనిషి లేని చోట ఏమైందో పాత ఏజెన్సీల చరిత్రలో విన్నారు.

తెలుగు నేర్చుకోవద్దని మేము చెప్పడం లేదు. ఇంగ్లీషు వద్దనడం లేదు. అవి రెండూ రావాలి, బాగా రావాలి, లేకపోతే మళ్లీ వేలిముద్ర కాలమే. ఇంటి భాషలో గట్టిగా నిలబడిన పిల్ల పక్క భాషలోకి ధైర్యంగా అడుగు వేస్తుంది. ఇది మేము ప్రతి ఏడూ హాస్టల్లో చూస్తున్న సంగతి. గోండీలో కథ బాగా చెప్పే పిల్లే తర్వాత తెలుగులో కూడా ముందుంటుంది.

వచ్చే జూన్‌లో మళ్లీ కొత్త పిల్లలు పెట్టెలు పట్టుకుని హాస్టళ్లకు వస్తారు. వారిలో మీ చెల్లెలు, మీ మేనకోడలు ఉంటారు. మొదటి రోజు తరగతిలో వాళ్ల భాషలో పేరు పెట్టి పిలిచే ఒక్క మనిషి ఉంటే చాలు. ఆ మనిషి మీలోంచి రావాలి.



జై సేవా.